పసిబిడ్డను జోలెలో మోయు విధము

పుట్టిన బిడ్డకు మొదటి పానుపు తల్లి రొమ్ము. మన యిండ్లలో పసిబిడ్డను ఒంటరిగా పరుండబెట్టి విడుచుట అరుదు. తల్లి చేతిలో లేని వేళ అమ్మమ్మ ఒడిలోనో, నాయనమ్మ భుజముమీదనో, మేనత్త చంకలోనో బిడ్డ పెరుగును. 'చంకలో బిడ్డ నుంచుకొని ఊరెల్ల వెదకినట్లు' అను సామెత ఇట్టి యిండ్లలోనే పుట్టినది.

నేడు కుటుంబములు చిన్నవైనవి. అనేక గృహములలో పగటిపూట తల్లియు బిడ్డయు మాత్రమే ఉందురు. బిడ్డ నెత్తుకొన్నచో పని సాగదు. పనికి పోయినచో బిడ్డ యేడ్చును. ఇట్టి తల్లికి ఒక గుడ్డ మూడవ చేయివలె తోడ్పడును. బిడ్డను రొమ్మున కానించి గుడ్డతో కట్టుకొన్నచో బిడ్డకు తల్లి వెచ్చదనము దొరకును, తల్లికి చేతులు విడుదలయగును. కొందరు ఇంటనున్న చీరతో జోలె కట్టుకొందురు. కొందరు బజారులో కుట్టించి అమ్ము సంచులను కొందురు. రెండింటికిని నియమములు ఒక్కటే.

ఈ నియమములు తెలియక కట్టిన జోలె ప్రమాదకరము. అమెరికాలో వినియోగదారుల రక్షణకై యేర్పడిన ప్రభుత్వ సంఘము 2010 మార్చి నెలలో ఒక హెచ్చరికను ప్రకటించినది. అంతకు ముందటి 20 సంవత్సరములలో జోలెలలో మోయబడుచు మరణించిన శిశువులు కనీసము 14 మంది అని ఆ సంఘము గుర్తించినది. వారిలో 12 మంది నాలుగు నెలలు నిండనివారు. ఈ మరణములకు ప్రధాన కారణము బిడ్డ క్రిందపడుట యని పలువురు తలంతురు. సంఘము ముఖ్యముగా హెచ్చరించిన ఆపద వేరు: ఊపిరి యాడకపోవుట. ఊపిరి యాడని పసిబిడ్డ ఏడ్వలేదు, చప్పుడు చేయలేదు. తల్లి నడచుచుండగనే, బిడ్డ నిద్రించుచున్నదని యామె భావించుచుండగనే, ఆపద జరిగిపోవును.

కావున జోలె కట్టుటకు ముందు శిశుదేహమును గూర్చి కొంత తెలిసికొనవలెను. తెలిసికొన్న పిదప ఈ పని మిక్కిలి సులభము.

జోలె మనకు క్రొత్త కాదు

బిడ్డను గుడ్డతో కట్టుకొనుట ప్రపంచమందంతట కలదు. మెక్సికోలో స్త్రీలు రెబోసో అను పొడవైన శాలువతో బిడ్డను కట్టుకొందురు. తూర్పు ఆఫ్రికాలో కాంగా అను రంగుల వస్త్రముతో వీపున కట్టుకొందురు. కొరియాలో పొదేగి యనియు, జపానులో ఒంబుహిమో యనియు ఇందుకు ప్రత్యేక సాధనములు గలవు. మన దేశమున మిజోరం, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్‌లలో తల్లులు చేనేత వస్త్రముతో బిడ్డను వీపున కట్టుకొని కొండదారుల నడతురు. తెలుగునాట మన్యప్రాంతములలోను ఈ యలవాటు కనబడును. మైదానములలో నాట్లకు, కోతలకు పోవు స్త్రీలు పొలముగట్టుననున్న చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి బిడ్డను పరుండబెట్టుట మన మెరిగినదే.

బిడ్డకు కలుగు మేలు

ఎత్తుకొన్న బిడ్డ తక్కువగా ఏడ్చునని తల్లులందరికిని తెలియును. ఈ విషయమును వైద్యులు లెక్కగట్టి చూచిరి. కెనడా దేశములోని మాంట్రియల్ నగరమున 99 మంది తల్లులను, వారి బిడ్డలను పరిశీలించి 1986లో ఒక నివేదిక ప్రకటించిరి. బిడ్డ ఏడ్చినప్పుడు మాత్రమే గాక, ఊరకున్నప్పుడు కూడ దినమున కొన్ని గంటలు అధికముగా ఎత్తుకొనుడని కొందరు తల్లులకు చెప్పిరి. ఆరు వారముల వయస్సున, అనగా శిశువులు మిక్కిలిగా ఏడ్చు కాలమున, అట్లు ఎత్తుకొనబడిన బిడ్డల యేడుపు ఇతరులకంటె 43 శాతము తక్కువగా నుండెను. సాయంకాలము నుండి అర్ధరాత్రివరకు గల సమయమున ఈ తగ్గుదల 51 శాతము.

జపానులో 2013లో ప్రకటింపబడిన పరిశోధన ఇందుకు కొంత కారణమును చూపినది. తల్లి బిడ్డ నెత్తుకొని కూర్చుండినప్పటికంటె ఎత్తుకొని నడచినప్పుడు బిడ్డ గుండెవేగము వెంటనే తగ్గి, కాలుసేతుల కదలిక నిలిచి, ఏడుపు శమించినది. బిడ్డను భుజమున వేసికొని వరండాలో అటునిటు నడచు మన పెద్దవారి పద్ధతి శాస్త్రసమ్మతమే యని దీనివలన తేలుచున్నది.

రొమ్మున నున్న బిడ్డ ఆకలిగొనుట తల్లికి త్వరగా తెలియును. బిడ్డ నోరు తెరచుట, తల త్రిప్పి వెదకుట, పిడికిలి చీకుట ఆకలికి తొలి గుర్తులు. ఏడుపు చివరి గుర్తు. తొలి గుర్తునకే పాలిచ్చిన తల్లికి పాలు సమృద్ధిగా నిలుచును.

శిశుదేహమును గూర్చి మూడు సంగతులు

మొదటిది మెడ. నవజాతశిశువు తల దేహపు పొడవులో ఇంచుమించు నాలుగవ వంతు. అంత పెద్ద తలను నిలుపుటకు మెడకండరములకు బలము చాలదు. సుమారు నాలుగు నెలలకు గాని మెడ స్థిరముగా నిలువదు. ఆలోగా తల ముందునకు వ్రాలి గడ్డము రొమ్మునకు తగిలినచో మెత్తనైన శ్వాసనాళము ముడుచుకొనిపోవును. త్రాగుచున్న గొట్టమును మధ్య వంచినచో నీరు నిలిచిపోవునట్లు ఊపిరియు నిలిచిపోవును. మఱియు పసిబిడ్డ ముఖ్యముగా ముక్కుతోనే ఊపిరి తీయును. ముక్కు గుడ్డకు గాని, తల్లి దేహమునకు గాని అదుముకొన్నచో తల త్రిప్పుకొను శక్తి బిడ్డకు లేదు.

రెండవది వెన్ను. పుట్టిన బిడ్డ వెన్ను సహజముగా కొంచెము వంగియుండును. ఆ వంపునకు తగినట్లు గుడ్డ అంతటను సమముగా ఆనవలెను. గుడ్డ వదులైనచో బిడ్డ మూటవలె క్రిందికి జారి ముడుచుకొనును. అప్పుడు గడ్డము రొమ్మున పడును.

మూడవది తుంటి. తొడయెముక తలభాగము తుంటిగిన్నెలో అమరియుండును. శిశువునకు ఆ గిన్నె యింకను పూర్తిగా గట్టిపడదు. తొడలు విచ్చి, మోకాళ్లు పైకి ముడుచుకొనియున్నప్పుడు ఆ యమరిక చక్కగానుండును. కాళ్లు తిన్నగా చాచి, జోడించి గట్టిగా చుట్టినచో ఎముక గిన్నెనుండి తొలగవచ్చును. జపానులో కాళ్లు చాచి చుట్టు అలవాటును మానిపించుటకు 1975 ప్రాంతమున దేశవ్యాప్తముగా ప్రచారము సాగినది. ఆ పిదప అచట తుంటి తొలగిన శిశువుల సంఖ్య ఎంతయో తగ్గినది. మన యిండ్లలో స్నానము చేయించిన పిమ్మట బిడ్డను కాళ్లు చాచి బిగించి చుట్టువారు ఈ సంగతి గమనింపవలెను. చుట్టినను కాళ్లు ఆడుటకు చోటుండవలెను.

ఐదు పరీక్షలు

జోలె కట్టిన ప్రతిసారియు, నడుమ నడుమను, ఈ యైదింటిని చూచుకొనవలెను.

1. ముఖము కనబడుచున్నదా? తల వంచి చూచినంతనే బిడ్డ ముక్కును నోరును మీకు కనబడవలెను. పైట గాని, దుప్పటి గాని, శాలువ గాని ముఖముపై కప్పరాదు. బిడ్డ తల మీ రొమ్మునకు లోపలివైపు తిరిగి అదుముకొనరాదు, చెంప ఆనియుండవలెను.

2. ముద్దాడుటకు అందుచున్నదా? మీరు కొంచెము తల వంచినచో బిడ్డ నడినెత్తి మీ పెదవులకు అందవలెను. అందనిచో బిడ్డ క్రిందికి జారినదని గ్రహింపవలెను.

3. గడ్డము క్రింద సందు కలదా? బిడ్డ గడ్డమునకును రొమ్మునకును నడుమ మీ రెండు వ్రేళ్లు పట్టవలెను.

4. వెన్నునకు ఆనిక కలదా? బిడ్డ వీపుపై అరచేతితో మెల్లగా నొక్కి చూడుడు. బిడ్డ నిటారుగా సాగి మీకు మరింత దగ్గరగా వచ్చినచో గుడ్డ వదులుగా నున్నదని అర్థము. మరల బిగింపవలెను.

5. కాళ్లు విచ్చియున్నవా? గుడ్డ ఒక మోకాలి మడతనుండి రెండవ మోకాలి మడతవరకు పరచుకొని తొడలను మోయవలెను. మోకాళ్లు పిరుదులకంటె కొంచెము పైన నుండవలెను. ముందునుండి చూచినప్పుడు బిడ్డ కప్పవలె కూర్చున్నట్లు కనబడును. కాళ్లు తిన్నగా వ్రేలాడరాదు.

ఈ యైదింటికిని మూలసూత్ర మొక్కటే. బిడ్డను రెండు చేతులతో రొమ్మున కెత్తుకొన్నప్పుడు ఎట్లుండునో, గుడ్డలోను అట్లే యుండవలెను. ఒక చేయి పిరుదుల క్రిందను, ఒక చేయి మెడ వెనుకను ఉంచుట తల్లికి ఎవరును నేర్పలేదు. ఆ రెండు చేతుల పనిని గుడ్డ చేయవలెను. మూటను సంచిలో వేసినట్లు బిడ్డను అడ్డముగా పరుండబెట్టి వ్రేలాడదీయు జోలె ఆ పని చేయదు. కావున నాలుగు నెలలలోపు బిడ్డను అట్లు మోయకుండుట క్షేమము.

గుడ్డ ఎట్టిది కావలెను?

నూలుబట్ట శ్రేష్ఠము. అది గాలి నిచ్చును, చెమట పీల్చును, ముడి జారదు. నైలాను, పాలియెస్టరు చీరల ముడి జారిపోవును, ఉక్కపోతయు హెచ్చు. ఆరు గజముల నూలుచీరను నిలువున మధ్యకు కత్తిరించి అంచు కుట్టుకొన్నచో 55 సెంటీమీటర్లకు మించిన వెడల్పును, సుమారు అయిదున్నర మీటర్ల పొడవును గల రెండు గుడ్డలు వచ్చును. చిన్నబిడ్డకు ఈ కొలత సరిపోవును. బిడ్డ పెరిగి మోకాళ్లనుండి మెడవరకు గుడ్డ చాలనప్పుడు వెడల్పైన దానిని వాడవలెను.

ఎంచుకొన్న గుడ్డను వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. చివికినచోటులు, చిరుగులు ఉన్నచో వాడరాదు. రెండు చేతులతో గట్టిగా లాగి చూచి, నూలు విచ్చుకొననప్పుడే నమ్మవలెను. సేఫ్టీపిన్నులు, పూసలు, జరీ అంచులు బిడ్డ నోటికి, చర్మమునకు తగులునట్లు ఉండరాదు. బజారులో కొను సంచులకు కుట్లు, కట్టుపట్టీలు, బిగింపులు గట్టిగానున్నవో లేవో ప్రతిదినము చూచుకొనవలెను. ఎంత బరువువరకు వాడవచ్చునో దానిపై ముద్రించియుండును. ఆ హద్దును మీరరాదు.

కట్టు విధము

మొదట ఒక చిన్న దిండుతో అభ్యాసము చేయవలెను. బిడ్డతో కట్టునప్పుడు మొదటి కొన్ని దినములు మంచముపై గాని, చాపపై గాని కూర్చుండి, ఇంటివారిలో నొకరిని ప్రక్కన నుంచుకొని కట్టవలెను.

గుడ్డ నడిమిభాగమును గుర్తించి రొమ్మునకు అడ్డముగా పరువుడు. రెండు కొసలను చంకల క్రిందుగా వీపునకు తీసికొనిపోయి, అచట ఒకదానిపై నొకటి దాటించి, ఎదుటి భుజములమీదుగా ముందునకు తెండు. భుజములపై గుడ్డ మెలిపడక వెడల్పుగా పరచుకొనవలెను. ఇప్పుడు రొమ్ముమీద నొక పాకెట్టువంటి చోటు ఏర్పడును.

బిడ్డను భుజమున వేసికొని, ఒక చేతితో విడువక పట్టుకొని, కాళ్లు ముందుగా ఆ చోటిలోనికి మెల్లగా దింపుడు. బిడ్డ కడుపు మీ రొమ్మునకు ఆనియుండవలెను. గుడ్డను మోకాలి మడతలనుండి మెడవరకు సవరింపుడు. భుజములమీదనుండి వ్రేలాడు కొసలను ఒక్కొక్కటిగా లాగి బిగింపుడు. పిదప వానిని బిడ్డ పిరుదుల క్రింద ఒకదానిపై నొకటి దాటించి, తొడల క్రిందుగా నడుము వెనుకకు తీసికొనిపోయి ముడివేయుడు. మొదట కుడికొసను ఎడమకొసమీదుగా, రెండవమారు ఎడమకొసను కుడికొసమీదుగా త్రిప్పి వేసిన ముడి జారదు.

పైన జెప్పిన అయిదు పరీక్షలు చేసిన తరువాతనే బిడ్డనుండి చేయి తీయవలెను.

వయస్సునుబట్టి మోయు తీరు

పుట్టినది మొదలు నాలుగు నెలలవరకు బిడ్డను ముందువైపు, నిటారుగా, తల్లికి అభిముఖముగా మోయవలెను. మెడ నిలిచిన పిమ్మట చంకపై ఎత్తుకొన్నట్లు ప్రక్కకు కట్టుకొనవచ్చును. వీపున మోయుటకు మెడతోపాటు నడుమును స్థిరపడవలెను. ఇంచుమించు ఆరు నెలలు నిండి, ఆసరా లేక కూర్చుండగల బిడ్డకు ఇది తగును. వీపుననున్న బిడ్డ కంటికి కనబడదు గనుక, నడుమ నడుమ అద్దములో చూచుకొనుటయో, ఇతరులను చూడుమని కోరుటయో అవసరము.

మోయువారి సుఖము

బిడ్డను ఎంత పైకి, ఎంత దగ్గరగా కట్టుకొన్నచో బరువు అంత తక్కువగా తోచును. క్రిందికి వ్రేలాడు బిడ్డ తల్లి నడుమును ముందునకు లాగును. సాయంకాలమునకు నడుమునొప్పి వచ్చును. గుడ్డ మెడను ఒరయక భుజపు గుండ్రనిభాగమున ఆనవలెను. ఒక భుజముమీద మాత్రమే కట్టువారు ఒకసారి కుడిభుజమున, ఒకసారి ఎడమభుజమున మార్చి కట్టవలెను. మొదటి దినములలో పావుగంట, అరగంట మోసి క్రమముగా సమయమును పెంచుకొనుట మంచిది.

శస్త్రచికిత్సతో ప్రసవించిన తల్లి గాయముపై ముడి గాని, బిగింపు గాని పడనీయరాదు. ఎప్పటినుండి మోయవచ్చునో తన డాక్టరు నడిగి తెలిసికొనవలెను. జోలె తల్లికి మాత్రమే ఉద్దేశింపబడినది కాదు. తండ్రి మోయుటవలన తల్లికి విశ్రాంతియు, తండ్రికి బిడ్డతో పరిచయమును కలుగును. తాతగారును మోయవచ్చును, కాని అడుగు తడబడు వృద్ధులకును, చిన్నపిల్లలకును ఈ పని ఒప్పగింపరాదు.

జోలెలో బిడ్డ ఉండగా చేయరాని పనులు

పొయ్యి దగ్గర వంట చేయరాదు. గంజి వార్చుట, పోపు వేయుట, కాగిన పాలు దించుట, వేడి టీ త్రాగుట బిడ్డ ఒడలు కాల్చు పనులు. నూతిలో నీరు తోడుట, నిచ్చెన యెక్కుట, కొడవలితో కోయుట, నూర్పిడి యంత్రముల దగ్గర నిలుచుట తగదు. పొలములో పురుగుమందు చల్లుచోటికి బిడ్డను తీసికొనిపోరాదు.

మోటారుసైకిలుపైన గాని, స్కూటరుపైన గాని బిడ్డను జోలెలో కట్టుకొని పోవుట గొప్ప ప్రమాదము. ఆకస్మికముగా బండి ఆగినచో తల్లి దేహభారమంతయు బిడ్డపై పడును. కారులో పోవునప్పుడు జోలె బిడ్డకు రక్షణ కాదు. శిశువులకై చేసిన ఆసనమే వాడవలెను.

క్రిందనున్న వస్తువును తీయునప్పుడు నడుము వంచరాదు. ఒక చేతితో బిడ్డను పట్టుకొని మోకాళ్లు వంచి కూర్చుండి తీయవలెను. నిద్రమత్తున నున్నప్పుడు, కళ్లు తిరుగునప్పుడు, మద్యము గాని, నిద్ర తెప్పించు మందులు గాని పుచ్చుకొన్నప్పుడు జోలె కట్టుకొనరాదు. జోలెతో పడుకొనరాదు.

చెట్టుకు, దూలమునకు కట్టు చీరయుయ్యాలను గూర్చి ఒక మాట. అందులోను బిడ్డ మడతపడి గడ్డము రొమ్మున చేరవచ్చును. కావున పెద్దవారి కంటియెదుటనే ఉంచవలెను. ఖాళీ ఉయ్యాలతో పెద్దపిల్లలు ఊగుచు ఆడుకొనరాదు. చీర మెడకు చుట్టుకొని ప్రాణములు పోయిన సందర్భములు మన దేశమున నమోదైనవి.

బరువు తక్కువగా పుట్టిన బిడ్డలు

రెండున్నర కిలోలకంటె తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకును, 37 వారములు నిండక పుట్టిన బిడ్డలకును సామాన్యపు జోలె తగదు. వారికి వేరొక పద్ధతి కలదు. అది యిచట మిక్కిలి ముఖ్యమైన విషయము. ఏలయన వారికి తల్లిరొమ్మే ఔషధమగుచున్నది.

1978లో కొలంబియా దేశపు రాజధాని బొగోటాలోని ఒక ప్రసూతి వైద్యశాలలో నెలలు నిండని శిశువులు ఎక్కువగానుండిరి. వారిని వెచ్చగానుంచు ఇంక్యుబేటరులు చాలకుండెను. ఒకే పెట్టెలో పలువురు శిశువులను ఉంచుటవలన అంటువ్యాధులు ప్రబలెను. అప్పుడు డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా, పిదప డాక్టర్ హెక్టర్ మార్టినెజ్, ఆ శిశువులను తల్లుల రొమ్ములపై చర్మమునకు చర్మము ఆనునట్లు ఉంచి, గుడ్డతో కట్టించిరి. కంగారూ తన పిల్లను సంచిలో మోయుటను బట్టి దీనికి 'కంగారూ మాతృసంరక్షణ' యని పేరు కలిగినది.

ఈ విధమున బిడ్డకు లంగోటి, టోపీ, మేజోళ్లు మాత్రమే వేసి, తల్లి రొమ్ముల నడుమ నిటారుగా ఉంచుదురు. తలను ఒక ప్రక్కకు త్రిప్పి, ఊపిరి యాడునట్లు కొంచెము పైకెత్తియుంచుదురు. కాలుసేతులు కప్పవలె ముడుచుకొనియుండును. పైన గుడ్డతో కట్టి, తల్లి రవికను కప్పుదురు. ఒకమారు ఉంచిన పిదప ఒక గంటకు తక్కువగాక ఉంచవలెను. తల్లి స్నానభోజనములకు పోవునప్పుడు తండ్రి గాని, నాయనమ్మ గాని, అమ్మమ్మ గాని ఉంచుకొనవచ్చును.

దీని ఫలితము గొప్పది. భారతదేశము, ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశములలోని అయిదు వైద్యశాలలలో ఈ పద్ధతి పరీక్షింపబడి 2021లో ఫలితములు ప్రకటింపబడినవి. మన దేశమునుండి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఇందు పాల్గొన్నది. ఒక కిలోనుండి 1.8 కిలోలలోపు బరువుగల శిశువులకు, పుట్టిన వెంటనే ఈ సంరక్షణ ప్రారంభించినచో మొదటి 28 దినములలో మరణించినవారు నూటికి 12 మంది. శిశువు ఆరోగ్యము కుదుటపడువరకు ఆగి ప్రారంభించినచో నూటికి సుమారు 16 మంది. అనగా మరణములు నాలుగవ వంతు తగ్గినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చేసిన సిఫారసు ప్రకారము ఇట్టి శిశువులకు దినమునకు 8 గంటలు మొదలు 24 గంటలవరకు, ఎంత వీలైన అంత యెక్కువసేపు, ఈ సంరక్షణ జరుగవలెను.

మన దేశమున ఆరోగ్య మంత్రిత్వశాఖ 2014లో ఇందుకు మార్గదర్శక సూత్రములు వెలువరించినది. తక్కువ బరువు గల బిడ్డ పుట్టినచో ఆసుపత్రిలోని నర్సు నడిగి ఈ పద్ధతిని చేసి చూపించుకొని, ఇంటికి వచ్చిన తరువాతను సాగింపవలెను. చూచి నేర్చుకొనక, విని మాత్రమే చేయరాదు.

తల్లులు అడుగు ప్రశ్నలు

ప్రశ్న: ఎప్పుడు నెత్తుకొన్నచో బిడ్డ చేతికి అలవాటుపడి చెడిపోవునని మా అత్తగారు చెప్పుదురు. నిజమేనా?
జవాబు: మొదటి నెలలలో బిడ్డకు మొండితనము తెలియదు, వెచ్చదనము, పాలు, తల్లి సన్నిధి మాత్రమే తెలియును. ఎత్తుకొనుటవలన చెడిపోవుట లేదు. అయినను మేలుకొనియున్న వేళ బిడ్డను చాపపై బోర్లపరుండబెట్టి ఎదుట కూర్చుండి ఆడింపవలెను. మెడకు బలము వచ్చును.

ప్రశ్న: జోలెలోనే పాలీయవచ్చునా?
జవాబు: గుడ్డ వదులుచేసి బిడ్డను చన్ను అందునంత క్రిందికి దింపి ఈయవచ్చును. పాలు త్రాగుచున్నంతసేపు ముక్కు కనబడవలెను. త్రాగుట ముగిసినంతనే బిడ్డను మరల పైకి నిటారుగా చేర్చి గుడ్డ బిగింపవలెను. పాలు త్రాగుచు నిద్రించిన బిడ్డను అట్లే విడుచుట ప్రమాదము.

ప్రశ్న: వేసవిలో కట్టుకొనవచ్చునా?
జవాబు: నీడపట్టున, ఒంటిపొర నూలుగుడ్డతో, బిడ్డకు పలుచని చొక్కా మాత్రమే వేసి, కొద్దిసేపు కట్టుకొనవచ్చును. మెడ వెనుక తాకి చూచి, చెమటపట్టి వేడిగానున్నచో వెంటనే తీయవలెను. ఎండ ఎంత తీవ్రముగానున్నను ఆరు నెలలలోపు బిడ్డకు నీరు పట్టరాదు. తల్లిపాలే మాటిమాటికి ఈయవలెను. తల్లి మాత్రము ఎక్కువగా నీరు త్రాగవలెను.

ప్రశ్న: నిద్రించిన బిడ్డను క్రింద పరుండబెట్టగానే మేలుకొనుచున్నది. ఏమి చేయవలెను?
జవాబు: జపానులో 2022లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము ఏడ్చుచున్న బిడ్డ నెత్తుకొని ఆగక అయిదు నిమిషములు నడచి, బిడ్డ నిద్రించిన పిమ్మట అయిదునుండి ఎనిమిది నిమిషములు ఎత్తుకొనియే కూర్చుండి, తరువాత పరుండబెట్టుట మేలు. వెల్లకిలగా, గట్టి పరుపుపై పరుండబెట్టవలెను.

వెంటనే బిడ్డను బయటికి తీయవలసిన గుర్తులు

గుర్రుమను శబ్దము, మూలుగు, ఆయాసము, పెదవులు గాని ముఖము గాని నీలివర్ణము దాల్చుట, కాలుసేతులు వ్రేలాడుట, పిలిచినను కదలకుండుట, పాలు చీకకుండుట, ఒడలు మిక్కిలి చల్లగా గాని వేడిగా గాని ఉండుట: వీనిలో ఏది కనబడినను క్షణమైన ఆలసింపక గుడ్డ విప్పి బిడ్డను బయటికి తీయవలెను. ముక్కునకు, నోటికి గాలి యాడునట్లు వెల్లకిలగా పరుండబెట్టవలెను. రెండు నెలలలోపు బిడ్డ నెమ్మదిగానున్నప్పుడు నిమిషమునకు 60 గాని అంతకు మించి గాని శ్వాసలు తీయుచున్నచో, ఊపిరి తీయునప్పుడు డొక్కలు లోనికి పోవుచున్నచో, అది వ్యాధిలక్షణము. 108 సంఖ్యకు ఫోను చేసి బిడ్డను ఆసుపత్రికి చేర్పవలెను.

ముగింపు

ప్రసవానంతరము ఆశా కార్యకర్త మూడవ, ఏడవ, పదునాలుగవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ, నలువదిరెండవ దినములలో ఇంటికి వచ్చి తల్లిని బిడ్డను చూచును. ఆ దినములలో ఒకనాడు ఆమె యెదుట జోలె కట్టి చూపి, సరిగానున్నదో లేదో చెప్పుమని కోరుడు. ఎ.ఎన్.ఎం. ను గాని, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు డాక్టరును గాని అడుగవచ్చును. మీరు నేర్చుకొన్న దానిని ఇరుగుపొరుగు తల్లులకు నేర్పుడు.

బిడ్డ ముఖము కంటియెదుట, గడ్డము పైకి, వెన్నునకు ఆనిక, కాళ్లకు విరివి: ఇవి యమరినచో అయిదు గజముల నూలుగుడ్డయే బిడ్డకు చాలిన గూడు. ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు ఈ నాలుగు మాటలను గుర్తుంచుకొని, జోలె కట్టిన వెంటనే ఒక్కసారి తల వంచి బిడ్డ ముఖమును చూచుకొందురు గాక.